చప్పుడు రాదని నేను హామీ ఇచ్చిన సినిమా

నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులు పదిహేడు. రాసిపెట్టుకున్నాను కాబట్టి లెక్కలో తేడా లేదు. వాటిలో పదహారు నన్ను మాత్రమే ముంచి ఊరుకున్నాయి. పదిహేడోది తుపాకీ పట్టుకున్న ఒక సైనికుణ్ణి నేలమాళిగ మెట్లు దింపి, అరవై ఒక్కమంది తెలుగువాళ్ల ఎదుట నిలబెట్టింది. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. ఆ రోజున మాత్రం నవ్వడానికి మాలో ఎవరికీ వీలు చిక్కలేదు.

అప్పుడు నాకు నలభై మూడేళ్లు. కువైట్ సిటీలో, కార్మికుల క్యాంపులకి సినిమా రీళ్లు అద్దెకిచ్చే చిన్న కంపెనీలో రికార్డులు రాసేదాన్ని. ఏ సినిమా ఎక్కడికి వెళ్లింది, ఎన్ని రీళ్లు తిరిగొచ్చాయి, వచ్చినవి ఎన్నిచోట్ల తెగాయి, అదీ నా పని. దజీజ్‌లో మా గోడౌను. అందులో నూట పన్నెండు సినిమాలుండేవి. నూట పదకొండు ఊరంతా తిరిగేవి. ఒక్కటి మాత్రం పెళ్లిలో అలిగిన మేనత్తలా మూలన కూర్చుని లేచేది కాదు.

అది మూకీ. మాటలు రాక ముందు మద్రాసులో తీసిన నాటకం. మా యజమాని బొంబాయిలో పాత సినిమాలు గంపగుత్తగా కొంటే, కూరగాయలవాడు పైన పడేసే కరివేపాకులా దీన్ని కూడా పడేశారు. ఏడు రీళ్లు. పెళ్లయిన కొత్తలో భర్త రంగూన్ ఓడెక్కి వెళ్లిపోతాడు. భార్య రేవులో నిలబడి ఎదురుచూస్తుంది. ఏడో రీలు చివరిదాకా ఎదురుచూస్తుంది. నడుమ నడుమ తెర మీద ఇంగ్లీషులో, తమిళంలో, తెలుగులో రెండేసి వాక్యాలు పడతాయి. అంతే.

దాన్ని హాళ్లవాళ్లకి అంటగట్టే పని మా మేనేజరు నాకే అప్పగించాడు. ఫోన్లో నా అమ్మకం ఎలా సాగేదో ఒక్కసారి వినండి.

"పాటలెన్ని ఉన్నయ్ మేడమ్?" షుఐబా క్యాంపులో హాలు నడిపే హైదరాబాదాయన అడిగేవాడు.

"లేవండీ."

"ఫైట్లు?"

"మూడో రీల్లో చిన్న తోపులాట ఉంది."

"డైలాగులన్న మంచిగుంటయా?"

"మాటలే లేవండీ."

"మరి ఏమున్నయమ్మా అండ్ల?"

"ఏడు రీళ్లున్నాయండీ."

"మీరు చానా నిజాయితీ మనిషి మేడమ్. మీకు ఈ పని పెట్టినోడెవడు?" అని ఫోన్ పెట్టేసేవాడు. రెండేళ్లలో ముప్ఫై నాలుగు ఫోన్లు చేశాను. ముప్ఫై నాలుగూ అంతే.

పంతొమ్మిది వందల తొంభై, ఆగస్టు రెండు, గురువారం, తెల్లవారేసరికి ఇరాక్ ట్యాంకులు వచ్చాయి.

నేనుండేది ఫర్వానియాలో, ఎనిమిది వాటాల భవనంలో. వారం తిరిగేసరికి ఏడు వాటాలు ఖాళీ అయ్యాయి. కారున్నవాళ్లు కార్లలో, లేనివాళ్లు కారున్నవాళ్ల కాళ్లు పట్టుకుని వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టారు. "మీరెలాగూ ఉంటారు కదండీ" అన్నారు. ఎలాగూ ఉండేదాన్నే. నా పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, యజమాని వేసవి సెలవులకి వెళ్లి ఏదో చల్లటి దేశంలో ఉన్నాడు. భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. బందరులో ఒక అన్నయ్య ఉన్నాడు గానీ దేశం దాటే ఫోన్లు కోసేశారు.

అలా నా దగ్గర ఏడు తాళాల గుత్తులు, ఇరవై ఆరు పూలకుండీలు మిగిలాయి. రోజూ నీళ్లు పోసేదాన్ని. మొక్కలతో మాట్లాడే అలవాటు నాకు మొదటినుంచీ లేదు. పదో రోజుకి వచ్చింది. పన్నెండో రోజు మూడో అంతస్తులో, ఖాళీ వాటాలో ఫోను మోగింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, ఏడు గుత్తుల్లో సరైన తాళం వెతికి, తలుపు తీసి, ఫోను ఎత్తాను. అవతల ఎవరో పెద్దాయన "ఫాతిమా?" అన్నాడు. కాదన్నాను. పెట్టేశాడు. ఆ రోజు మొత్తానికి ఒక మనిషితో నేనన్న మాట ఆ "కాదు" ఒక్కటే. ఆయన ఇంకో ప్రశ్న అడిగితే బాగుండునని చాలాసేపు ఫోను పక్కనే నిలబడ్డాను.

మర్నాడు ఉండబట్టలేక దజీజ్ గోడౌనుకి నడిచాను. తలుపు విరిగి ఉంది. సైనికులు టీవీలు, వీసీఆర్‌లు, మంచి ప్రొజెక్టర్లు, రంగుల సినిమాలు, ఆఖరికి నా కుర్చీ కూడా ఎత్తుకుపోయారు. మూలన మూకీ మాత్రం ఏడు డబ్బాలూ చెక్కు చెదరకుండా ఉంది. దోచుకునేవాళ్లు కూడా తెరిచి చూసి, వద్దనుకుని, మళ్లీ మూత పెట్టి వెళ్లిన సినిమా ప్రపంచంలో అదొక్కటే అయి ఉంటుంది. బల్ల కింద ఒక ముసలి ప్రొజెక్టరు కూడా మిగిలింది. కరెంటు ఉంది. గోడ మీద వేసుకుని చూశాను. తర్వాతి రోజు మళ్లీ వెళ్లి చూశాను. నాలుగుసార్లు చూశాను. ఆ రేవులో నిలబడ్డ అమ్మాయి మొత్తం పంతొమ్మిదిసార్లు ఏడుస్తుంది. ఒక్కసారి కూడా చప్పుడు వినబడదు. ఇదేదో నాకు బాగా తెలిసిన పద్ధతి అనిపించింది.

అదిగో, అక్కడే నా బుర్రలో దీపం వెలిగింది. వెలక్కుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఊళ్లో పదిమంది ఒకచోట చేరితే సైనికులు వస్తున్నారు. పాట వినబడితే వస్తున్నారు. అందరూ గదుల్లో నోళ్లు కట్టుకుని కూర్చున్నారు. ఇలాంటి సమయంలో చూడదగ్గ సినిమా ఏది? చప్పుడే రానిది! రెండేళ్లు అమ్ముడుపోని సరుక్కి ఎట్టకేలకు కాలం కలిసొచ్చిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు సినిమా అమ్మడం కాదు కావలసింది. ఒక గంటసేపు మనుషుల మధ్య కూర్చోవడం. కానీ ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదు.

షుఐబా ఆయనకి ఫోన్ చేస్తే, "తిననీకి రొట్టె దొర్కుతలేదు, మీరింక గా గుడ్డి పిచ్చరే పట్టుకోని తిర్గుతున్రా మేడమ్?" అన్నాడు.

"గుడ్డిది కాదండీ, మూగది," అన్నాను. పెట్టేశాడు. ముప్ఫై అయిదు.

ఇక మిగిలింది మా సందు చివర ఓబులేసు. కడప జిల్లా రాయచోటి మనిషి. కింద నేలమాళిగలో మెస్ నడిపేవాడు, శుక్రవారాలు అక్కడే వీడియో సినిమాలు వేసేవాడు. సైనికులు ఆయన టీవీ తీసుకుపోయారు. ఇప్పుడా హాల్లో క్యాంపులు పాడైపోయిన పద్నాలుగు మంది కూలీలు పడుకుంటున్నారు. యజమానులు సౌదీకి పారిపోతూ వదిలేసిన ఇంటిపని ఆడవాళ్లు ముగ్గురు వంటగదిలో ఉంటున్నారు.

"మేడమ్, ఇది అయ్యే పని కాదు," అన్నాడు ఓబులేసు. "సందు మొగదాల చెక్‌పోస్టు ఉండాది. చప్పుడయ్యిందంటే వాళ్లు దిగొస్తారు. హాలు మూసేస్తారు. ఈ పద్నాలుగు మందిని నేను యాడ పండబెట్టేది?"

"అందుకే కదండీ ఈ సినిమా! మాటల్లేవు, పాటల్లేవు."

"మరి మిషను?"

"కుట్టుమిషను కంటే తక్కువ."

"నిజంగా చెప్తాండావా మా?"

"నేను అబద్ధం చెప్పి ఎరగను."

"అయితే రాసియ్యి."

రాసిచ్చాను. గళ్లు గీసి మరీ రాసిచ్చాను. యంత్రం చప్పుడు: స్వల్పం. నటుల చప్పుడు: లేదు. సంగీతం చప్పుడు: లేదు. కింద సంతకం. ఓబులేసు దాన్ని పక్కవాడితో చదివించుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ప్రేక్షకుల చప్పుడు అనే గడి నేను గీయలేదు. చిన్నప్పటినుంచీ లెక్కలు చేసిన మనిషినే, మొత్తం నాలుగు గళ్లుండాల్సిన చోట మూడు గీశాను.

సైన్యం వచ్చాక నాలుగో శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి ఆట. ప్రొజెక్టర్ని టమాటాల తోపుడుబండిలో అడుగున పెట్టి తెచ్చారు. గోడకి తెల్ల దుప్పటి కట్టారు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకి చెప్పుకుని ఒక్కొక్కరుగా దిగారు. అరవై ఒక్కమంది. ఉన్న ఒకే ఒక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆట మొదలుపెట్టే ముందు లేచి నిబంధనలు చెప్పాను.

"తెర మీద అక్షరాలు పడతాయి. చదువొచ్చినవాళ్లు మనసులో చదువుకోండి."

"రానోళ్లు ఏం జేయల్ల అక్కా?" వంటగది ఆడవాళ్లలో లక్ష్మీదేవమ్మ అడిగింది.

"ముఖాలు చూసి గ్రహించాలి."

"వాళ్ల ముఖానా, మా ముఖానా?"

"లక్ష్మీదేవమ్మా, కూర్చో."

మొదటి రీలు ప్రశాంతంగా గడిచింది. కరెక్టుగా చెప్పాలంటే నాలుగు నిమిషాలు ప్రశాంతంగా గడిచింది. తెర మీద మొదటి అక్షరాలు పడ్డాయి. ముందు వరుసలో ఒకాయన చదివి పక్కాయన చెవిలో చెప్పాడు. ఆయన వెనక్కి తిరిగి చెప్పాడు. అయిదో వరుసకి వెళ్లేసరికి ఆ రెండు వాక్యాలకి ఒక్కొక్కరి అభిప్రాయం కూడా జత పడింది.

"మొగుడు రంగూన్‌కి పోతాండాడంట."

"ఏజెంటు ఎవురంట?"

"అది రాయలే."

"రాయకపోతే ఎట్ల? వీసా ఏందో కనుక్కోకుండా ఎక్కేస్తాండాడే ఎర్రోడు!"

"ఉష్!" అన్నాను. "ఉష్!" అన్నారు అరవై మందీ, ఒకరినొకరు చూసుకుంటూ. ఆ ఉష్ ఒక్కటే వీధిలోకి వినబడి ఉంటుంది.

రెండో రీల్లో ఓడ కదిలింది. భర్త ఓడ అంచున నిలబడి, రేవులో చిన్నదైపోతున్న భార్యని చూస్తూ, చేతులు రెండూ పైకెత్తి నోరు తెరిచాడు. నేను నాలుగుసార్లు చూశానే, ఈ చోటు ప్రమాదమని తట్టనేలేదు! తెలుగు నాటకాలు చూసి పెరిగినవాళ్లకి చేతులెత్తి నోరు తెరిచిన మనిషి కనబడితే ఏం వినబడాలి? పద్యం వినబడాలి. వినబడలేదు. హాలంతా ఒక్క క్షణం ఆ తెరిచిన నోటి వైపు దాహంగా చూసింది.

వెనకనుంచి గంగులప్ప లేచాడు. తాపీ మేస్త్రీ, యాభై ఏళ్ల మనిషి. వాళ్లూళ్లో నాటకమాడితే రాజు వేషం ఆయనదే. "పాపం, నోరు తెర్సినాడు, ఇడ్సిపెడితే బాగుంటాదా?" అన్నాడు. ఎడమ చెయ్యి చెవికి ఆనించుకున్నాడు. ఎత్తుకున్నాడు.

పద్యం అప్పటికప్పుడు కట్టిందే. అందులో ఆయన పెళ్లాం పేరుంది, ఊరి పేరుంది, గడప దిగుతుంటే వెనక్కి పిలవని కూతురుంది, వాకిట్లో కట్టేసిన బర్రె కూడా ఉంది. చివర్న రాగం ఎత్తాడు. అది ఎంతసేపు తీశాడని చేతి గడియారం చూశాను, ఎందుకు చూశానో నాకే తెలియదు. ఒక నిమిషం నలభై సెకన్లు.

రాగం ఆగింది. ఎక్కడినుంచో ఒక గొంతు, ఏ తెలుగు ఊళ్లోనైనా ఆ సమయానికి రావాల్సిన గొంతు, గట్టిగా అరిచింది. "వన్స్ మోర్!"

ఆ గొంతు ఎవరిదా అని చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

అవును. నేనే. హామీ పత్రం రాసి సంతకం పెట్టినదాన్ని నేనే.

గంగులప్ప మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి మొదటిదానికంటే పైనుంచి. సగంలో ఉండగా మెట్ల మీద బూట్లు వినబడ్డాయి.

ఓబులేసు ప్రొజెక్టరు తీగ పీకేశాడు. లక్ష్మీదేవమ్మ దాని మీద బియ్యం గోనె కప్పేసింది. తలుపు తెరుచుకుంది. నడివయసు సైనికుడు, గుబురు మీసాలు, భుజాన తుపాకీ. మా అందరినీ ఒకసారి చూసి అరబ్బీలో అడిగాడు.

"ఎవరు చచ్చిపోయారు?"

గంగులప్ప రాగం నిజానికి చాలా బాగుంది. కానీ వీధిలో నిలబడి వినేవాడికి ఆయన గొప్పతనం ఎలా తెలుస్తుంది? మనిషి పోయిన ఇల్లనుకున్నాడు.

ఇరవయ్యేళ్లుగా అరబ్బుల దగ్గర పని చేసిన ఓబులేసుకి క్షణం కూడా పట్టలేదు. కుర్చీలో కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే. నావైపు వేలు చూపించాడు. "ఈమె భర్త."

ఆ వెనకే తెలుగులో, పళ్ల బిగువున, "ఏడవండబ్బా!" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ మొదలుపెట్టింది. మొదట నటనే. మూడో ఊపిరికి గొంతు మారింది. ఆవిడ మామా వాళ్లు, అంటే పనిచేసిన ఇంటి యజమానురాలి కుటుంబం, తెల్లవారుజామున ఆవిణ్ణి నిద్ర లేపకుండా కారెక్కి వెళ్లిపోయారు. ఆ సంగతి ఆవిడ అప్పటిదాకా హాస్యంగానే చెప్పేది. తర్వాత పద్నాలుగు మంది కూలీలు. తర్వాత అందరూ. మూడు వారాలుగా గదుల్లో నోళ్లు కట్టుకుని కూర్చున్నవాళ్లకి, తుపాకీ ఎదురుగా నిలబడి ఏడవడానికి అనుమతి దొరికింది. మళ్లీ దొరుకుతుందో లేదో! ఒక్కరూ ఆపలేదు.

"ఎప్పుడు పోయాడు?" సైనికుడు అడిగాడు.

"అమ్స్," అన్నాడు ఓబులేసు. అంటే నిన్న.

"ఎక్కడ?"

"ఇండియాలో."

సైనికుడి కనుబొమలు ముడిపడ్డాయి. "ఇండియాకి ఫోన్లు లేవు. ఆమెకెలా తెలిసింది?"

ఏడుపు అంతా ఒక్కసారి ఆగిపోయింది. ఓబులేసు నోరు తెరిచాడు. ఆయన కోసం పద్యం పాడేవాళ్లెవరూ లేచిరాలేదు.

చదివే మీకు నేను చెప్పుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. చిరాకు వేసింది. మా ఆయన పోయింది నిన్న కాదు. రికార్డులు రాసేదాన్ని కాబట్టి అరబ్బీలో నాకు మిగతా మాటలు అంతంతమాత్రమే గానీ అంకెలు బాగా వచ్చు. తప్పు తేదీ వింటూ ఊరుకోవడం నా వల్ల కాదు. తుపాకీ ఉన్నా సరే.

"అమ్స్ కాదు," అన్నాను లేచి. "తిసా సినీన్." తొమ్మిదేళ్లు.

ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. "సంపినావు గదక్కా," అని గొణిగాడు. ఓబులేసుకి నేను మేడమ్ నుంచి అక్కనైంది ఆ నిమిషంలోనే.

సైనికుడు నన్ను చూశాడు. "తొమ్మిదేళ్లా?"

"తొమ్మిదేళ్ల రెండు నెలలు," అన్నాను. అంటుండగా నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మా ఆయన పోయిన రోజున ఎవరెవరికి టెలిగ్రాములు ఇవ్వాలో రాసుకుంటూ కూర్చున్నాను. పదకొండో రోజుకి ఎన్ని విస్తళ్లు కావాలో లెక్క వేశాను. ఎనభై నాలుగు. ఆ పన్లన్నీ తెమిలాక ఏడుద్దామనుకున్నాను. తెమలనేలేదు. తొమ్మిదేళ్ల రెండు నెలలు ఆలస్యంగా, పరాయి దేశంలో, పరాయి సైన్యం మనిషి ముందు మొదలుపెట్టాను. లక్ష్మీదేవమ్మ వచ్చి నా తల తన పొట్టకి ఆనించుకుంది. ఆవిడ దగ్గర ఉల్లిపాయల వాసన.

కాసేపు చూసి సైనికుడు గోడకి కట్టిన దుప్పటి చూపించి, అదేమిటన్నాడు. మావాళ్లు దుఃఖంలో తెల్లగుడ్డ కడతారన్నాడు ఓబులేసు. ఆయన తల ఊపి, భుజం మీది తుపాకీ నేలకి దించి, మెట్టు మీద కూలబడ్డాడు.

"తొమ్మిదేళ్లు!" అన్నాడు మళ్లీ, తనలో తనే. "నేను రేపు చస్తే మా ఆవిడ తొమ్మిది రోజులు కూడా ఏడవదు."

వెళ్లేముందు ఆర్డరు వేశాడు. ఇంత దుఃఖాన్ని ఆపడం ధర్మం కాదట. రోజూ మధ్యాహ్నం ఒక గంట మేము ఏడవచ్చట. చెక్‌పోస్టులో తను చెప్పుకుంటాడట. కానీ ఏడుపు గట్టిగా వినబడాలి. వినబడకపోతే లోపల ఇంకేదో జరుగుతోందని అనుకోవాల్సి వస్తుందట.

అలా, చప్పుడు రాదని నేను రాసిచ్చి అమ్మిన సినిమా, చప్పుడు చేస్తేనే బతికే హాల్లో పదకొండు రోజులు ఆడింది. పద్నాలుగు మందికీ నీడ మిగిలింది. ముందు సామూహికంగా ఏడుపు, తర్వాత రెండు రీళ్లు, నోరు తెరిచిన ప్రతిచోటా గంగులప్ప. రోజూ రెండున్నరకి లక్ష్మీదేవమ్మ మా భవనం కింద నిలబడి, "అక్కా, ఏడ్సేదానికి టైమయ్యింది, దిగిరా!" అని కేకేసేది. పెళ్లికి పిలిచినా నేనంత చకచకా మెట్లు దిగి ఎరగను. పన్నెండో రోజున ఎంబసీ నుంచి, పాస్‌పోర్టుల బదులు, మా కాగితాలు వచ్చాయి, బస్సులెక్కాం. సీట్ల జాబితాలో నా పేరు పక్కన, కుటుంబం అనే గడిలో, కూలీల్నీ వంటగది ఆడవాళ్లనీ తననీ కలిపి, ఓబులేసు "పద్దెనిమిది మంది" అని రాయించాడు. ఆ లెక్క తప్పు. నేను దిద్దలేదు.

అయినా తప్పు తప్పే కాబట్టి, ఆ బస్సులోనే నేను నా మీద ప్రమాణం చేసుకున్నాను. ఇకమీదట ఏ హాలు యజమానికీ మూకీలో చప్పుడు ఉండదని రాసివ్వను. గంగులప్పలు కూర్చునే చోట చేతులెత్తి నోరు తెరిచే మనిషిని తెర మీద చూపించను. అన్నిటికంటే ముఖ్యంగా, ఆయుధం పట్టుకున్నవాళ్ల ముందు మా ఆయన పోయిన తేదీని సరిదిద్దను. ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది. ఈ మూడింటినీ ముప్ఫై అయిదేళ్లుగా ఒక్కసారి కూడా తప్పలేదు. అంత నిష్ఠ ఎలా సాధ్యమైందని అడుగుతారేమో, చెబుతాను: మళ్లీ ఎవరూ అడగలేదు.